రోడ్ ఐలాండ్ రాలేదు

జనవరి 6, మంగళవారం

సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటిరోజే టాకెట్ పిలిచాడు. తలుపు మూసి, కుర్చీ చూపించి, పుదీనా బిళ్లల డబ్బా నా ముందుకు జరిపాడు. మా ప్రిన్సిపాల్ పుదీనా బిళ్ల పెట్టాడంటే ఎవరికో కోత పెట్టబోతున్నాడని ఈ బడిలో బల్లలకి కూడా తెలుసు. నేను తీసుకోలేదు.

విషయం నా ఐదో పీరియడ్. పదకొండో తరగతి, అమెరికా చరిత్ర. అందులో అన్ని రకాల పిల్లలూ కలిసే ఉన్నారు. డాక్టరు గారి కూతురు పెయిజ్ ఉంది. నేను చెప్పబోయేది నాకంటే ముందే చెప్పేసి, తప్పు చెప్పానా అన్నట్టు నా మొహం చూస్తుంది. రెండు లైన్లు పైకి చదవాలంటే చెమటలు పట్టే బర్టీ సైజ్మోర్ ఉంది. నోటితో కంటే పెన్సిల్‌తో బాగా మాట్లాడే ఓడెల్ ఉన్నాడు. చదువులో సాయం కావాలని ప్రత్యేక ప్రణాళిక రాసి పెట్టిన పిల్లలు తొమ్మిదిమంది. వాళ్లకోసం రూథాన్ అనే రెండో టీచరు నాతోపాటే గదిలో ఉంటుంది.

"వసంతంలో రాష్ట్రం పరీక్ష ఉంది కదా వర్నా," అన్నాడు టాకెట్. "ఆ తొమ్మిదిమందినీ కింద బాయిలర్ పక్కగదికి మారుద్దాం. కంప్యూటర్లో పాఠాలు పెట్టిస్తాను. వాళ్ల వేగం వాళ్లది. ఎవరికీ ఒత్తిడి ఉండదు. మిగిలినవాళ్లది ఆనర్స్ క్లాసు చేసేద్దాం, కాలేజీ క్రెడిట్ వచ్చేది. నీకే ఇస్తాను. ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నావు?"

ఒక్కో పిల్లనీ మార్చాలంటే తల్లిదండ్రులనీ టీచర్లనీ కూర్చోబెట్టి మీటింగు పెట్టాలి. అది చట్టం. మొదటిది బర్టీది పెడతాడట. "వాళ్లమ్మ ఏమీ అనదు" అన్నాడు. మీటింగులో టీచరుగా నేను తలూపితే చాలట.

ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికి కాదు, ఆ కుర్చీలోంచి లేవడానికి.

జనవరి 7

ఆనర్స్ మీద నాకేం మోజు లేదు. కలిసి చదివితేనే చదువు. ఆ మాట ఆయన మొహం మీదే అనాల్సింది. అంటాను.

జనవరి 9, శుక్రవారం

రాజ్యాంగ సభకి రాష్ట్రాలు పంచాను. ఏటా చేసేదే. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు కిటికీలు మూసుకుని, ఉక్కపోతలో కూర్చుని దేశాన్ని మళ్లీ మొదటినుంచి రాసుకున్నారు. మేమూ కిటికీలు మూసుకుంటాం. పిల్లలు రాష్ట్రాలవుతారు, అరుచుకుంటారు, బేరాలాడతారు. వర్జీనియా పెయిజ్‌కిచ్చాను, ఇవ్వకపోతే లాక్కుంటుంది. ఓడెల్‌కి డెలావేర్.

బర్టీకి రోడ్ ఐలాండ్ ఇచ్చాను. ఆ సభకి రోడ్ ఐలాండ్ అసలు మనిషినే పంపలేదు. కాబట్టి చదవాల్సింది లేదు, లేచి మాట్లాడాల్సింది లేదు, నలుగురిలో నగుబాటు లేదు. పిల్లకి మంచే చేశాను.

"నేనేం చెయ్యాలి మిస్ వర్నా?" అంది.

"ఏం చెయ్యక్కర్లేదు తల్లీ. వాళ్లు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"తర్వాత చూద్దాంలే."

"తర్వాతంటే ఎప్పుడు?"

ఇంతలో గంట కొట్టారు. రూథాన్ నావైపు ఒక చూపు చూసింది. చూస్తే చూసుకోనీ.

జనవరి 14

మధ్యాహ్నం బడిలో చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర, దాంతోపాటు పీనట్ బటర్ శాండ్‌విచ్. ఊరు మొత్తం ఈ తిండి మీదే పెరిగింది. నేను శాండ్‌విచ్ చిల్లీలో ముంచుకుంటుంటే బర్టీ ట్రే తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"రోడ్ ఐలాండోళ్లకి వచ్చింది కోపమా, భయమా?"

"రెండూనేమో. అక్కడ ఎక్కువమంది అప్పుల్లో ఉన్న రైతులు. ఫిలడెల్ఫియాలో కూర్చునేవాళ్లు అప్పులిచ్చేవాళ్ల తరఫు మనుషులని వాళ్ల అనుమానం."

"నిజమేనా?"

"చాలావరకు."

"మరైతే మంచిపనే చేశారు," అని తన బిస్కెట్ల పొట్లం జేబులో వేసుకుని వెళ్లిపోయింది. ప్రశ్న అడిగిందే గానీ నా చిల్లీ చల్లారిపోయిన సంగతి పట్టించుకోలేదు. బాగుంది.

జనవరి 20

ఆనర్స్ పాఠ్యపుస్తకం నా బల్లమీద పెట్టించాడు టాకెట్. తెరిచి చూశాను. చూడ్డంలో తప్పేముంది.

జనవరి 26, సోమవారం

బర్టీ, రూథాన్ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఖాళీ పీరియడ్‌లో రూథాన్ చదువుతుంది, బర్టీ ఫోన్‌లో రికార్డు చేసుకుంటుంది. బస్సులో ఇంటిదాకా అదే వింటుంది, వంటింట్లోనూ అదే వింటుంది. ఆ పిల్ల చెవులతో చదువుతుంది. ఐదు నెలలుగా నా గదిలోనే ఉంది, ఈ సంగతి నేను గమనించలేదు.

ఇవాళ మొహం వెలిగిపోతూ వచ్చింది.

"మిస్ వర్నా, పాత రూలు ప్రకారం పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకుంటేనే ఏదైనా మారుతుంది, అవునా? ఒక్కళ్లు కాదంటే ఆగిపోద్ది, అవునా?"

"అవును."

"రోడ్ ఐలాండ్ ముందే ఒకసారి ఆపేసింది. దిగుమతి పన్ను. అందరూ సరే అన్నారు, వీళ్లొక్కళ్లే కుదరదు పొమ్మన్నారు!"

"అందుకే దేశమంతా వాళ్లని తిట్టిపోసింది. దొంగలన్నారు, మొండి ఘటాలన్నారు."

"నాకు నచ్చారు," అంది బర్టీ.

జనవరి 30

ఆనర్స్ మీద మోజు లేదని ఇదివరకే రాశాను.

ఫిబ్రవరి 4

మంచు. బడి లేదు. రేపటి సభ వాయిదా.

ఫిబ్రవరి 10, మంగళవారం

సభ ఇవాళ జరిగింది.

కిటికీలు మూశాం, తెరలు దించాం. రెండు నిమిషాలకే గది ఉడికిపోయింది. పెయిజ్ లేచి "పెద్ద రాష్ట్రానికి ఎక్కువ ఓట్లు" అని మొదలెట్టింది. ఓడెల్ లేచి నిలబడ్డాడు. చేతిలో పెద్ద అట్ట. దానిమీద ఏనుగు పాదం, దానికింద చిన్న పిచ్చుక, పిచ్చుక రెక్కమీద డెలావేర్ అన్న పేరు. ఒక్క మాట మాట్లాడలేదు. గది మొత్తం గొల్లుమంది. పెయిజ్‌కి మాట పడిపోయింది, అది నేను మొదటిసారి చూశాను.

అప్పుడు ఎవరో అడిగారు, "రోడ్ ఐలాండ్ ఏది?"

బర్టీ కుర్చీ ఖాళీ. భయపడి పారిపోయిందనుకున్నాను. తలుపు తీసి చూస్తే వరండాలో గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని బిస్కెట్లు తింటోంది.

"లోపలికి రా," అన్నాను.

"రాను. రోడ్ ఐలాండ్ రాలేదు కదా? రానోళ్లు గదిలో ఎట్లా కూర్చుంటారు?"

తలుపు తెరిచే ఉంచాను. పెయిజ్ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చి బతిమాలింది.

"బర్టీ, నువ్వు లేకపోతే పదమూడు అవ్వవు. మాకు నీ ఓటు కావాలి."

"నాకేమిస్తారు?"

"దేశం!"

"దేశం నాకిప్పుడూ ఉందిగా. అప్పులోళ్ల సంగతేంటి? జైల్లో పెట్టనని రాసిస్తావా?"

"అది... తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు?" అంది బర్టీ. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. "నాకు తెలుసులే పెయిజ్, మీరేం చేస్తారో. తొమ్మిదిమంది ఒప్పుకుంటే చాలని రూలే మార్చేస్తారు. నన్నడగరు. పో, పోయి మార్చుకో."

పెయిజ్ వెనక్కొచ్చి కూర్చుని చాలాసేపు పెన్ను కొరికింది. తర్వాత మెల్లిగా "మిస్ వర్నా, వాళ్లు నిజంగా అలాగే చేశారా? అది మోసం కాదా?" అని అడిగింది. ఆ ప్రశ్న మీద గంట కొట్టేదాకా కొట్టుకున్నారు. సభ ఎటూ తేలలేదు. నా ఉద్యోగంలో ఇంత మంచి రోజు ఇంకొకటి గుర్తులేదు.

ఫిబ్రవరి 11

కోపంతో రాస్తున్నాను.

నిన్న జిల్లా ఆఫీసు నుంచి పరిశీలకురాలు వచ్చిందట. నేను తలుపు తెరవకముందే మా గదిదాకా వచ్చి, వరండాలో బర్టీని చూసి, "ఇక్కడెందుకున్నావమ్మా?" అని అడిగిందట. బర్టీ మాట దాటేసే రకం కాదు. "నేను లోపలికి రాను. వాళ్లు చేసే పని నాకు నచ్చలేదు," అందట. ఆవిడ అది రాసుకుని, పిల్లతో బాటు టీచరు లేదని కూడా రాసుకుని, అటునుంచి అటే వెళ్లిపోయింది. గదిలోకి తొంగి కూడా చూడలేదు.

టాకెట్ ఆ కాగితం నా ముందు పెట్టాడు. విద్యార్థిని క్లాసు బయట నేలమీద కనబడింది, పాల్గొనడానికి నిరాకరించింది, తోటివారిపై అసంతృప్తి వ్యక్తం చేసింది.

"ఆ పిల్ల రోడ్ ఐలాండ్!" అన్నాను.

"ఏంటి?"

"రోడ్ ఐలాండ్, సార్. 1787లో ఆ రాష్ట్రం రాలేదు. అందుకే తనూ రాలేదు. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లా ఇంత బాగా పాఠం అర్థం చేసుకోలేదు."

"వర్నా," అన్నాడు చాలా ఓపిగ్గా, చంటిపిల్లతో మాట్లాడినట్టు, "పిల్ల వరండాలో కూర్చుని బిస్కెట్లు తింటోంది."

మీటింగు ఇరవయ్యారున పెట్టాడు.

ఫిబ్రవరి 17

మోకాళ్ల లోతు మంచు. బడి మూత. రోడ్లన్నీ మూత. బీన్స్ ఉడకబెట్టుకుని కార్న్‌బ్రెడ్ కాల్చుకున్నాను.

ఆ ఆనర్స్ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. బడిలో ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని. మొదటి మూడు అధ్యాయాలకి పాఠాల పథకం వేశాను. ఊరికే. మంచులో ఇంకేం పని?

ఫిబ్రవరి 19

పథకం బాగానే వచ్చింది. నాలుగో అధ్యాయం కూడా వేశాను.

బర్టీకి ఆ గదిలో నిజంగానే తేలికగా ఉంటుందేమో. ఎవరికి తెలుసు?

ఫిబ్రవరి 20

పైన రాసింది నేనేనా?

ఫిబ్రవరి 26, గురువారం

మీటింగు.

గుండ్రటి బల్ల. ఒక పక్క టాకెట్, ఆయన పక్కన పరిశీలకురాలి కాగితం. రూథాన్, నేను. బర్టీ వాళ్లమ్మ మార్లీన్ వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి అదే నీలం బట్టల్లో వచ్చింది, కళ్లు మూతలు పడుతున్నాయి. పదహారేళ్లు వచ్చిన పిల్లల్ని కూడా వాళ్ల మీటింగుకి పిలవాలి. పిలిస్తే వచ్చి గోళ్లు చూసుకుంటూ కూర్చుంటారు సాధారణంగా. బర్టీ జుట్టు దువ్వుకుని, తలకి క్లిప్పులు పెట్టుకుని వచ్చింది.

టాకెట్ కాగితం చదివాడు. మార్లీన్ కూతురివైపు తిరిగింది.

"ఇదేంటే? క్లాసులోకి పోకుండా బయట కూర్చున్నావా?"

"నేను రోడ్ ఐలాండ్‌నమ్మా," అంది బర్టీ. ఇక మొదలెట్టింది. అప్పుల రైతులు, కాగితం డబ్బు, పదమూడు రాష్ట్రాల రూలు, దిగుమతి పన్ను, తొమ్మిదికి దించేసిన సంగతి, చివరికి అందరూ చేరాక ఒంటరిగా మిగిలి, వ్యాపారం ఆపేస్తామని బెదిరిస్తే అప్పుడు గానీ చేరకపోవడం. ఒక సంవత్సరం తప్పు చెప్పింది. నేను సరిదిద్దలేదు.

టాకెట్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట రాయకపోతే అన్యాయం. "చాలా చక్కగా చెప్పావమ్మా," అన్నాడు. "కానీ పరీక్షలో నోటితో చెప్పనివ్వరు కదా. చదవాలి, రాయాలి. అందుకే అంటున్నాను, మిసెస్ సైజ్మోర్, చిన్న గది, తక్కువ పిల్లలు, ఏ ఒత్తిడీ ఉండదు."

మార్లీన్ తలూపింది. "తేలిగ్గా ఉంటుందంటే నాకేం అభ్యంతరం లేదండీ. పాపం రోజూ తలనొప్పితో వస్తుంది." పెన్ను తీసుకుంది.

"ఆగండి," అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది. "ఆ పిల్ల పై గదిలోనే ఉండాలి."

టాకెట్ నావైపు తిరిగాడు. "సరే వర్నా. ఒకటడుగుతాను, నిజం చెప్పు. నీ దగ్గర పదమూడు రాష్ట్రాలున్నాయి. ఈ పిల్లకి మాట్లాడే పనే లేని రాష్ట్రం ఎందుకిచ్చావు?"

బల్ల చుట్టూ అందరూ నావైపే చూస్తున్నారు. రూథాన్ తప్ప. రూథాన్ తన చేతుల వంక చూసుకుంటోంది.

"నాకు తెలుసు మిస్ వర్నా," అంది బర్టీ. "నా వల్ల కాదని ఇచ్చారు. మొదటిరోజే తెలుసు. పర్లేదు, మంచి రాష్ట్రం."

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల నన్ను ఓదారుస్తోంది.

"చూశావా," అన్నాడు టాకెట్ మెల్లిగా. "నీకూ తెలుసు."

"తెలీదు!" అన్నాను. "అదే చెప్తున్నాను. ఈ పిల్ల వల్ల కాదనే ఆ రాష్ట్రం ఇచ్చాను. రోజూ చూసే దాన్ని, పప్పులో కాలేశాను. ఐదు నెలలు చూసిన నాకే ఈ పిల్ల అంతు చిక్కకపోతే, వరండాలో నిలబడి బిస్కెట్ల పొట్లం చూసి పోయిన మనిషికి చిక్కిందా? నేను తప్పు చేశాను సార్. అదే తప్పు మీరు సంతకాలు పెట్టి మరీ చెయ్యకండి."

మార్లీన్ పెన్ను వేళ్ల మధ్య తిప్పుతోంది.

"ఏ గది అన్నారు?" అని అడిగింది టాకెట్‌ని.

"కింద. బాయిలర్ పక్కన."

"ఆ పచ్చ తలుపు గదేనా?"

"ఇప్పుడు రంగు మార్చాం."

"నన్నూ అందులోనే పెట్టారు," అంది మార్లీన్. "ఈ బడిలోనే చదివాను నేను. తేలిగ్గానే ఉండేది. అబద్ధం చెప్పకూడదు, చాలా తేలిక. కాగితాలిచ్చేవాళ్లు, రంగులెయ్యమనేవాళ్లు. బడి అయిపోయేదాకా నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇవాళ మీరు అడిగారు చూడండి, అదే మొదటిసారి. అడిగిందేమో నా కూతుర్ని అక్కడ పెట్టనా అని." పెన్ను బల్లమీద పెట్టి టాకెట్ వైపు తోసింది. "సంతకం పెట్టను."

"మీరు సంతకం పెట్టకపోయినా, బడి నిర్ణయం..."

"తల్లి అభ్యంతరం రాసిస్తే," అని రూథాన్ మొదటిసారి నోరు విప్పింది, "అది తేలేదాకా పిల్ల ఉన్నచోటే ఉంటుంది సార్. చట్టం."

"నాకు రాయడం అంత బాగా రాదు," అంది మార్లీన్.

"నేను చెప్తాను, నువ్వు సంతకం పెట్టమ్మా," అంది బర్టీ. "మిస్ రూథాన్ రాస్తారు."

అలాగే చేశారు. టాకెట్ కళ్ల ముందే, ఆయన బల్లమీదే. బర్టీ చెబుతుంటే రూథాన్ రాసింది. నేను టీచరుగా నా పేరు కింద 'ఒప్పుకోను' అని రాసి సంతకం పెట్టాను. పెన్ను కాగితాన్ని చీల్చేంత గట్టిగా రాశాను.

బయటికొచ్చాక టాకెట్ వరండాలో ఆపాడు. కోపంగా కూడా లేడు, అలిసిపోయినట్టున్నాడు. "ఆనర్స్ క్లాసు వచ్చే ఏడాది నుంచి పెడుతున్నాం. కోచ్ హెన్స్లీకి ఇస్తున్నాను."

ఫుట్‌బాల్ కోచ్. ఆయనకి చరిత్రంటే పోయిన సీజన్ స్కోర్లు.

"ఇవ్వండి," అన్నాను. తలెత్తుకునే నడిచాను, పార్కింగ్ దాకా.

కారులో కూర్చుని ఏడ్చాను. బర్టీ కోసం కాదు. ఆ క్లాసు కోసం. కావాలనుకున్నాను. మొదటినుంచీ, ప్రతిరోజూ, చాలా కావాలనుకున్నాను. ఆ నాలుగు అధ్యాయాల పథకం ఎంత బాగా వచ్చిందో నాకే తెలుసు. మోజు లేదని రాసిన ప్రతిసారీ అబద్ధమే రాశాను.

అయినా సరే.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఐదో పీరియడ్. హక్కుల బిల్లు. పెయిజ్, బర్టీ గంట కొట్టినా ఆపలేదు. చివరికి పెయిజ్ తన నోట్సు అంతా చదివి బర్టీ ఫోన్‌లో రికార్డు చేసిచ్చింది, బర్టీ దానిలో మూడు తప్పులున్నాయని గొడవకి దిగింది. అందులో ఒకటి నిజంగా తప్పే.

ఓడెల్ మీటింగు సోమవారం. వాళ్ల నాయనమ్మ ఫోన్ చేసింది, పిల్లాడు ఎరిగినవాళ్లని వెంట తెచ్చుకోవచ్చా అని. తెచ్చుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. బర్టీ వస్తానంది. పెయిజ్ కూడా వస్తానంది.

టాకెట్ ఇంకా ఎనిమిది మీటింగులు పెట్టాలి. పెట్టుకోనీ. అన్నిటికీ వెళ్తాను, అన్నిటిలోనూ అదే మాట రాస్తాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం. నేను మాత్రం అలవను.